ఇళ్ల ప్రకటనలు దాచుకోవడానికి సోషల్ బుక్‌మార్కింగ్ సైట్లు పనికొస్తాయా?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. మేము ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్నాం. నేను, మా ఆవిడ, మా అన్నయ్య ఎవరికి వారు ప్రకటనలు చూసి, లింకులు ఫోన్లో పంపుకుంటున్నాం. వారం తిరిగేసరికి ఏ లింకు ఏ ఇంటిదో గుర్తుండడం లేదు. కొన్ని తెరిస్తే పేజీయే ఉండడం లేదు. లింకులు దాచుకుని నలుగురితో పంచుకునే సైట్లు ఉంటాయని విని, ‘రియల్ ఎస్టేట్ సోషల్ బుక్‌మార్కింగ్ సైట్లు’ అని వెతికితే బోలెడన్ని పేర్లతో జాబితాలు వస్తున్నాయి. వాటిలో ఇళ్లు వెతకవచ్చా? లింకులు దాచుకోవడానికైనా పనికొస్తాయా?

జవాబు:
ముందు ఆ జాబితాల సంగతి. అవి కొనేవారి కోసం తయారైనవి కావండీ. తమ వెబ్‌సైటు లింకును వీలైనన్ని చోట్ల అతికించి, గూగుల్‌లో పైకి రావాలనుకునే అమ్మకందారుల కోసం తయారైనవి. అక్కడ కనిపించే ఇల్లు ఇంకా అమ్మకానికి ఉందో లేదో సరిచూసే నాథుడు ఉండడు. అక్కడ ఇళ్లు వెతకకండి.

దాచుకోవడం వేరే విషయం. బుక్‌మార్కింగ్ పుట్టిందే అందుకు. 2003లో మొదలైన డిలీషియస్ అనే సైటు ఈ పద్ధతిని జనానికి అలవాటు చేసింది: లింకు దాచు, దానికి నాలుగు ట్యాగులు (తర్వాత వెతుక్కోవడానికి గుర్తు పదాలు) తగిలించు, కావాలంటే నలుగురితో పంచుకో. ఇప్పుడు మీకు రెయిన్‌డ్రాప్ లాంటి బుక్‌మార్కింగ్ సైటు సరిపోతుంది. ఒక సంకలనం తెరిచి ముగ్గురూ అందులోనే చేర్చవచ్చు. ఫొటోలు చూసి ఎంచుకునే అలవాటుంటే పింటరెస్ట్ బోర్డు కూడా బాగుంటుంది. ఏది వాడినా బయటివారికి కనిపించకుండా పెట్టుకోండి. మీరు ఎంత వరకు పెట్టగలరో, ఏ ఇంటిపై మనసు పడ్డారో అమ్మేవారికి ముందే తెలిస్తే బేరం ఆడే బలం పోతుంది.

అసలు చెప్పవలసింది ఇది. బుక్‌మార్క్ దాచేది పేజీ చిరునామాను మాత్రమే, పేజీలో ఉన్నదాన్ని కాదు. మామూలు వ్యాసం లింకు ఏళ్ల తరబడి పనిచేయవచ్చు. ఇంటి ప్రకటన అలా కాదు. ఇల్లు అమ్ముడైతే పేజీ తీసేస్తారు. కొన్ని సైట్లు తీసేశామని కూడా చెప్పకుండా, ఆ ప్రాంతంలోని ఇతర ఇళ్ల పేజీకి మళ్లిస్తాయి. మీరు మాత్రం అదే ఇల్లు చూస్తున్నామనుకుంటారు. ఇంకొన్నిసార్లు పాత ప్రకటన తీసి, అదే ఇంటిని కొత్త నంబరుతో, కొత్త ధరతో మళ్లీ పెడతారు. అంతకు ముందు ఎంత అడిగారో మీ దగ్గర రాసి లేకపోతే ఆ తేడా మీ కంటపడదు.

కాబట్టి లింకు దాచిన క్షణంలోనే పక్కన గమనిక రాయండి. ‘మంచి ఇల్లు, చూడాలి’ అని రాస్తే నెల తర్వాత ఏమీ గుర్తురాదు. ఇలా రాయండి: చూసిన తేదీ, ఆ రోజు అడిగిన ధర, విస్తీర్ణం, ప్రకటన నంబరు. ‘రెండో పడకగదికి కిటికీ కనిపించలేదు. స్నానాల గది ఫొటో పెట్టలేదు, అడగాలి. నెలనెలా నిర్వహణ ఖర్చు ధరలో చేరిందా?’ వెళ్లి చూసేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు కూడా ఇవే. నిజంగా నచ్చిన ఇళ్లకైతే పేజీని పీడీఎఫ్‌గా భద్రపరచుకోండి. అమ్మేవారు ఏమి రాశారో చూపించవలసి వస్తే లింకుకన్నా అదే అక్కరకొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా ధన్యవాదాలండీ. ట్యాగులు ఎలా పెట్టుకోమంటారు? ఆ సైటే మూతపడితే ఎలా?

జవాబు:
ట్యాగులు తక్కువ ఉంటేనే మంచిది. ప్రాంతం ఒకటి, దశ ఒకటి చాలు. దశ అంటే ‘ఫోన్ చేయాలి’, ‘చూశాం’, ‘వద్దు’, ‘అమ్ముడైంది’. ‘వద్దు’ అనుకున్నవాటిని చెరిపేయకండి, ఎందుకు వద్దో ఒక ముక్క రాసి ఉంచండి. లేకపోతే మీ అన్నయ్య అదే ఇంటిని మళ్లీ పంపుతారు.

మూతపడడం ఉత్త భయం కాదు. ఇలాంటి సేవల్లోనే స్టంబుల్‌అపాన్ 2018లో, గూగుల్ బుక్‌మార్క్స్ 2021లో, పాకెట్ 2025లో ఆగిపోయాయి. అప్పుడప్పుడు మీ లింకులన్నిటినీ ఒక ఫైలుగా ఎగుమతి చేసి (దించుకుని) ఆ ఫైలును మీ కంప్యూటర్‌లో ఉంచుకోండి. హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీ) రూపంలో తీసుకుంటే బ్రౌజర్లు కూడా దాన్ని చదువుతాయి. ఎగుమతి సౌకర్యం లేని సైటు జోలికి పోకండి.

మరో సభ్యుడు:
నేను ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటును. మా ప్రకటనలను ఆ జాబితాల్లోని సైట్లలో పెడితే లాభం ఉంటుందా?

జవాబు:
ఆ శ్రమ వృథా అండీ. అలాంటి లింకులను సిఫార్సుగా లెక్కించవద్దని సెర్చ్ ఇంజిన్లకు చెప్పే ‘నోఫాలో’ గుర్తు 2005లోనే వచ్చింది. చాలా సైట్లు సభ్యులు పెట్టే లింకులకు దాన్ని తగిలిస్తాయి. పైగా 2012లో గూగుల్ తన సెర్చ్‌లో తెచ్చిన ‘పెంగ్విన్’ అనే మార్పు ఇలా అతికించిన లింకులనే గురిపెట్టింది. ఆ సమయాన్ని మీ ప్రకటన మీద పెట్టండి. ప్రతి గది ఫొటో, సరైన విస్తీర్ణం, విడిగా కట్టవలసిన ఖర్చులు రాయండి. అప్పుడు కొనేవారే దాచుకుని ఇంట్లోవాళ్లకు పంపుతారు. ఇల్లు అమ్ముడైతే పేజీ తీసేయకుండా పైన ‘అమ్ముడైంది’ అని, తేదీతో సహా రాయండి. దాచుకున్నవారు వచ్చి చూసినప్పుడు విషయం తెలుస్తుంది, మీ దగ్గర ఉన్న మిగతా ఇళ్లు కూడా చూస్తారు.