మాస్క్ చేసిన ఫోటో పవర్‌పాయింట్‌లో పెడితే తెల్ల డబ్బా వస్తోంది

బొమ్మలపెట్టె: కొండపల్లి బొమ్మల మీద స్కూల్ పిల్లలకి స్లైడ్స్ చేస్తున్నానండి, బొమ్మల్ని తెల్ల దుప్పటి మీద పెట్టి ఫోటోలు తీసి ఫోటోషాప్‌లో లేయర్ మాస్క్ (అక్కర్లేని భాగాన్ని కనపడకుండా దాచేది) వేసి బ్యాక్‌గ్రౌండ్ తీసేశా, అక్కడ ఖాళీ అయిన చోటు గళ్ళు గళ్ళుగా శుభ్రంగానే కనిపిస్తోంది, కానీ మెరూన్ స్లైడ్ మీద ఇన్సర్ట్ చేస్తే కొన్నిటి చుట్టూ తెల్ల డబ్బా, ఇంకొన్నిటికి అంచు వెంబడి సన్నటి తెల్ల గీత. అంబారీ ఏనుగు ఎంత బాగుంటుందో, ఆ గీతతో కత్తిరించి అతికించినట్టుంది. ఏం చెయ్యాలి?

పిక్సెల్_రావు: డబ్బా వచ్చినవి జేపెగ్‌లే అయ్యుంటాయి చూడండి. జేపెగ్‌లో ట్రాన్స్‌పరెన్సీకి, అంటే వెనకున్నది కనిపించే ఖాళీకి, చోటే లేదు, సేవ్ చేయగానే ఖాళీ అంతా తెల్లగా నిండిపోతుంది. పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి, ట్రాన్స్‌పరెన్సీ టిక్ ఉందో లేదో చూస్కోండి. అన్నట్టు ఫైల్ వాట్సాప్‌లో పంపుకుంటున్నారా? ఫోటోగా పంపితే మళ్ళీ జేపెగ్ అయిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి.

బొమ్మలపెట్టె: అవునండీ డబ్బా వచ్చినవన్నీ వాట్సాప్‌లో వచ్చినవే! డాక్యుమెంట్‌గా తెప్పించుకుంటే డబ్బా పోయింది, చాలా థాంక్స్. గీత మాత్రం అలాగే ఉంది. పవర్‌పాయింట్‌లో సెట్ ట్రాన్స్‌పరెంట్ కలర్ కొడితే పోతుందా?

అంచుల_పని: అది మాత్రం వద్దండి. అది మీరు క్లిక్ చేసిన ఒక్క రంగునే తీస్తుంది, దుప్పటి తెలుపులో నీడలూ మడతలూ ఉంటాయి కాబట్టి మరకలు మిగుల్తాయి, పైగా బొమ్మ కట్టుకున్న తెల్ల పంచెలో అదే తెలుపు ఉంటే అక్కడా చిల్లులు పడతాయి. ఆ గీత ఎందుకొస్తుందంటే, అంచు మీదున్న పిక్సెల్స్‌లో సగం బొమ్మ రంగు సగం దుప్పటి తెలుపు కలిసిపోయి ఉంటాయి, మాస్క్ వాటిని పల్చన చేస్తుందే గానీ లోపలి తెలుపుని తియ్యదు, తెల్ల స్లైడ్ మీద కలిసిపోతుంది, మెరూన్ మీద బయటపడుతుంది. సెలెక్ట్ అండ్ మాస్క్‌లో డీకంటామినేట్ కలర్స్ (అంచులో కలిసిన బ్యాక్‌గ్రౌండ్ రంగుని తీసేది) ఆన్ చేసి చూడండి, లేదంటే లేయర్‌కి ఒక కాపీ తీసి మాస్క్ అప్లై చేసి, లేయర్ మెనూలో మ్యాటింగ్, అందులో డీఫ్రింజ్, ఒక పిక్సెల్ ఇవ్వండి. ఇక మీద తీసే ఫోటోలకి తెల్ల దుప్పటి బదులు బూడిద రంగు గుడ్డ వేస్తే సగం పని తప్పుతుంది.

పల్లెటూరి_టీచర్: ఫోటోషాప్ లేనివాళ్ళు ఎవరైనా చదువుతుంటే, గింప్ ఫ్రీ, అందులో లేయర్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ ఆల్ఫా ఛానల్ (ట్రాన్స్‌పరెన్సీకి చోటిచ్చేది) పెట్టుకుని చెరిపితే చెరిపిన చోట ట్రాన్స్‌పరెంట్ అవుతుంది, తర్వాత పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు. పవర్‌పాయింట్‌లోనే రిమూవ్ బ్యాక్‌గ్రౌండ్ కూడా పర్లేదు, ఏనుగు తొండం లాంటివి పోతే ఉంచాల్సిన చోటు పెన్సిల్‌తో గీసి చూపించొచ్చు.

బొమ్మలపెట్టె: డీఫ్రింజ్‌తో గీత పోయింది అంచుల గారూ, ఏనుగు అచ్చంగా స్లైడ్ మీదే ఉన్నట్టుంది! ఇప్పుడు నీడ లేక గాల్లో తేలుతున్నట్టుంది, దానికేమైనా ఉందా?

అంచుల_పని: పిక్చర్ ఎఫెక్ట్స్‌లో షాడో ఇవ్వండి, పీఎన్‌జీ కాబట్టి నీడ డబ్బాలా కాకుండా బొమ్మ ఆకారంలోనే పడుతుంది. బ్లర్ కాస్త పెంచండి, నీడ అన్ని బొమ్మలకీ ఒకే వైపు పడాలి.