అప్‌డేట్: నాన్నగారి సీఆర్‌పీ 11 ఎందుకు వచ్చిందో తెలిసింది

హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు) 7.2 శాతం, హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) లీటరుకు 11 మిల్లీగ్రాములు వచ్చిన మా నాన్నగారికి గుండెపోటు ముప్పు ఉందా అని రెండు నెలల క్రితం అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సీఆర్‌పీ 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసి, తగ్గాక మళ్లీ పరీక్షించుకోమన్న సలహాయే పనిచేసింది. ఆయన ఎవరికీ చెప్పకుండా లవంగం నూనెతో నెట్టుకొస్తున్న, చీము పట్టిన పన్నే కారణమని తేలింది. చికిత్స అయిన మూడు వారాలకు 2.6 వచ్చింది. అయితే మేము పట్టించుకోని ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 268కి పెరిగి, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 33కి తగ్గి ఉండటం ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి సూచన అని, షుగరుకూ గుండె జబ్బుకూ ఉన్న లంకెల్లో అది ముఖ్యమైనదని హనుమకొండలోని వైద్యులు వివరించి, షుగరుకు మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మందులు మొదలుపెట్టారు. ఈసీజీ, ఎకో మామూలుగానే ఉన్నాయి. నేను కంగారుపడి చేయించిన హోమోసిస్టీన్ (రక్తంలోని ఒక అమైనో ఆమ్లం) పరీక్ష వల్ల చికిత్సలో ఏమీ మారలేదు.