పర్లాకిమిడి నుంచి ఎంబీఏ: ఆరు లక్షలు కట్టెయ్యమంటారా?

మహేంద్రగిరి_గాలి:
మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, కామర్స్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. నాన్నకి కిరాణా హోల్‌సేల్ కొట్టుంది, "కొట్లో కూర్చోడానికి ఎంబీఏ ఎందుకురా" అంటారు, అమ్మ మాత్రం చదవమంటోంది. ఒక కాలేజీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు, రెండేళ్లకి ఆరు లక్షలు, హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్, నెలాఖరులోగా పాతిక వేలు కడితే సీటు ఖాయమట. కట్టెయ్యనా? లెక్కలంటే భయం లేదు గానీ ఇంగ్లీషులో మాట్లాడాలంటే నోరు పెగలదు.

బీట్_బండి:
తమ్ముడూ, ఆ పాతిక వేలు ముందు జేబులోనే ఉంచు. నాకూ ఇదే హండ్రెడ్ పర్సెంట్ కథ చెప్పారు, ఎక్కడన్నది అనవసరం. తీరా వచ్చినవి పాలసీలు, క్రెడిట్ కార్డులు అమ్మే ఉద్యోగాలు. నా పక్క సీట్లో అదే జీతానికి చేరినవాడిది మామూలు డిగ్రీ! అందుకే శాతం అడక్కు. పోయినేడు ఏ కంపెనీలు వచ్చాయి, ఏ పోస్టుకి, ఎంతమందిని తీసుకున్నాయి, నెలకి చేతికొచ్చేదెంత, ఇన్సెంటివ్ పేరుతో చూపించేదెంత అని అడుగు. ఫ్లెక్సీ మీద వేసేది అందరికంటే పైనున్న ఒక్కడి ప్యాకేజీ, నీకు కావాల్సింది వరసలో మధ్యనున్నవాడి జీతం.

ఇప్పుడు సబ్బులు, బిస్కట్ల లైన్లో సేల్స్ ఆఫీసర్ని, రాయగడ నుంచి గుణుపూర్, కాశీనగర్ మీదుగా మీ ఊరిదాకా నా రూటు. ఇంటర్వ్యూలో మేనేజర్ అడిగిందొకటే, 80కి కొని 100కి అమ్మితే మార్జిన్ ఎంత? 25 శాతం అన్నాను. "అది కొన్నదాని మీద లెక్క, మార్జిన్ అమ్మినదాని మీద చూడాలి, 20" అన్నాడు. ఎంబీఏ చేశాక కూడా ఇదీ పరువు. మీ నాన్నగారిని నిద్దట్లో లేపి అడిగినా చెప్తారు. అయినా ఎందుకు తీసుకున్నాడంటే డిస్ట్రిబ్యూటర్‌తో ఒడియా, కొట్టువాళ్లతో తెలుగు, పైవాళ్లతో హిందీ మాట్లాడతానని. అందులో తెలుగు, ఒడియా నీకు ఇంట్లో, బడిలోనే వచ్చేశాయి, ఫీజు లేకుండా.

భంజవిహార్_అక్క:
పైన తమ్ముడు చెప్పింది నిజమే గానీ ఎంబీఏ అంటే సేల్స్ ఒక్కటే కాదు, ఫైనాన్స్, హెచ్‌ఆర్, ఆపరేషన్స్ కూడా ఉన్నాయి. తేడా అంతా కాలేజీలోనే. లెక్కలు వచ్చంటున్నావు కదా, క్యాట్ రాయి, అదే ఐఐఎంల్లాంటి పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీల ప్రవేశ పరీక్ష. నవంబరు చివర్లో ఉంటుంది, మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు, డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయొచ్చు. తప్పు టిక్కు పెడితే మార్కు పోతుంది, గుడ్డిగా కొట్టకు. మనకి దగ్గర్లో విశాఖ, మన రాష్ట్రంలోనే సంబల్‌పూర్, ఈ ఐఐఎంలు రెండూ 2015లోనే వచ్చాయి. అక్కడి ఫీజు మీ కాలేజీ వాళ్ల ఆరు లక్షల కంటే చాలా ఎక్కువ, భయపడకు, 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో మంచి ర్యాంకున్న సంస్థల్లో సీటొస్తే తాకట్టు, హామీదారు లేకుండా అప్పిస్తారు. అది కుదరకపోతే బరంపురం యూనివర్సిటీలోనూ ఎంబీఏ ఉంది, ఇంటికి దగ్గర.

నోరు పెగలకపోవడానికి మందు ఒకటే, రోజూ పది నిమిషాలు మీ కొట్టు లెక్కల గురించి ఇంగ్లీషులో పైకి చెప్పుకో, గోడకే చెప్పు. తప్పులొస్తే గోడ నవ్వదు కదా. నేనలాగే నేర్చుకున్నాను.

మహేంద్రగిరి_గాలి:
థాంక్స్ అన్నా, అక్కా. కాలేజీకి ఫోన్ చేసి పోయినేడు కంపెనీల లిస్టు అడిగితే "రేపు పంపిస్తాం" అన్నారు, మూడు రోజులైంది, అప్పట్నుంచి వాళ్ల ఫోన్లు కూడా రావట్లేదు. నాన్నని 80, 100 లెక్క అడిగాను. చింతపండు బస్తా కుట్టు విప్పుతూ, "ముందు అందులోంచి తరుగు తీసెయ్, వసూలు కాని అరువు తీసెయ్, అప్పుడు అడుగు" అన్నారు.