పేనుబంక: పురుగు పేరా, జిగురు పేరా?

ప్రశ్న: మిద్దె మీద చిక్కుడు తీగ కొసలన్నీ నల్లటి పురుగు కమ్మేసింది. ఇంట్లో "పేను పట్టింది" అన్నారు. వ్యవసాయ పత్రికలో చూస్తే "పేనుబంక ఆశించును" అని ఉంది. పురుగు పేరులో బంక ఎందుకండీ? ఈ ఆశించడం ఏమిటి?

జవాబు: విడదీస్తే పేను విడిచే బంక. వాడుకలో మాత్రం పురుగుకే ఆ పేరు చెల్లింది. ఇది లేత కొమ్మల్లో రసం పీలుస్తుంది. ఆ రసంలో చక్కెర ఎక్కువ, దానికి కావలసిన మాంసకృత్తుల సరుకు తక్కువ. అందుకని తెగ తాగి, మిగిలిన తీపి నీళ్లను వెనక నుంచి వదిలేస్తుంది. కింది ఆకులు జిగటగా మెరుస్తాయి, తర్వాత వాటి మీద మసిలాంటి బూజు పడుతుంది. తీగ మీద చీమల బారు కనిపిస్తే అదీ ఆ తీపి కోసమే. అక్షింతల పురుగులు పేనును తినడానికి వస్తే ఈ చీమలే తరిమేస్తాయి.

మరొకరు: బంక ఒక్కటే చూసి తేల్చకండి. తెల్లదోమ, పిండినల్లి, మామిడి మీది తేనెమంచు పురుగు కూడా బంక వదులుతాయి. పేనుబంక రంగునూ నమ్మలేం: చిక్కుడు, అలసంద మీద నలుపు, జిల్లేడు మీద పసుపు, బెండ మీద లేత పసుపు నుంచి ముదురాకుపచ్చ దాకా. భూతద్దంలో చూస్తే వీపు చివర రెండు సన్నని గొట్టాలు కనిపిస్తాయి. అదీ గుర్తు. బంక వచ్చేది మాత్రం వాటిలోంచి కాదు.

ప్రశ్న వేసినవారు: మరి దీనికీ తలలో పేనుకున్నట్టు ఈపులుంటాయా?

జవాబు: పోలిక అక్కడే తెగుతుంది. మన వేడి ప్రాంతాల్లో ఇది గుడ్లు పెట్టకుండా, మగదానితో పనిలేకుండా నేరుగా పిల్లల్ని కంటుంది. అందుకే నాలుగు రోజుల్లో కొమ్మ నిండిపోతుంది. ఇరుకైతే రెక్కలున్నవి పుట్టి పక్క మొక్కకు పోతాయి. "పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందట" అన్న సామెత దీనికే బాగా కుదురుతుంది!

ఇక ఆశించడం: వ్యవసాయ శాఖ తెలుగులో ఆ మాటకు పైరును చేరి నష్టపరచడమని అర్థం. కోరికతో సంబంధం లేదు. రైతు నోట వచ్చేది "పట్టింది" అనే, బూజు పట్టినట్టు, తుప్పు పట్టినట్టు. నా ఓటు దానికే.

మరొకరు: చర్చ బాగుంది గానీ, ముందు ఆ కొసలు తుంచేసి, మిగతా తీగకు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి. ఆకుల అడుగున కూడా.