‘గుంజుతుంది’ని కొట్టేయకండి

అన్నా, ఆ మాట మార్చకండి. పికప్ బండిలో ఆంప్ (స్పీకర్లకు బలమిచ్చే ఆంప్లిఫయర్), సబ్‌వూఫర్ (డప్పు లాంటి లోతు శబ్దాల స్పీకర్) బిగించే పద్ధతి రాస్తూ మీరు "ఆంప్ బ్యాటరీ నుంచి కరెంటు గుంజుతుంది" అన్నారు, అది మోటుగా ఉంది, "వినియోగిస్తుంది" అనండి అని కింద ఇద్దరు సలహా ఇచ్చారు. నాకైతే అది మోటు మాట కానే కాదు, అక్కడ పడాల్సిన మాట అదే.

మన వరంగల్ దిక్కు లాగుడు, గుంజుడు ఒకటి కావు. ఆగిపోయిన బండిని తాడు కట్టి లాగుతాం, అది నిదానంగా సాగే పని. ఎనుమాముల మార్కెట్లో హమాలీ మిర్చి బస్తాను కొక్కెంతో గుంజుతాడు, అందులో ఒక్కసారిగా పడే జోరు ఉంటుంది. పిక్క పట్టేసినప్పుడు "నరం గుంజుతోంది" అంటామే, అదీ ఉండి ఉండి వచ్చే నొప్పే. సబ్‌వూఫర్ ఆంప్ కూడా కరెంటును సమంగా తీసుకోదు, పాటలో డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా గట్టిగా తీసుకుంటుంది, మధ్యలో తగ్గిస్తుంది. ఆంప్ పెద్దదై బ్యాటరీ, ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ చాలకపోతే దెబ్బ దెబ్బకూ హెడ్‌లైట్లు మసకబడతాయి. మేడారం జాతర దారిలో రాత్రిపూట చూసినవాళ్లకు తెలుస్తుంది.

ఎంత గుంజుతుందో కూడా రాయండి. 500 వాట్లంటే 230 వోల్టుల ఇంటి కరెంటు మీద రెండు ఆంపియర్లకు కొంచెం ఎక్కువ, అదే 12 వోల్టుల బ్యాటరీ మీద 40 దాటుతుంది, వేడిగా పోయేది కలిపితే ఇంకా పైనే. అందుకే లావు వైరు, అందుకే బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజు. ఆ ఫ్యూజు కాపాడేది వైరును, అది ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంట లేవకుండా. "వినియోగిస్తుంది" అని చదివినవాడికి ఇంత లావు వైరు ఎందుకో తట్టదు, సన్నది కొనుక్కొస్తాడు.

ఎర్త్‌కు ‘భూమి తీగ’ అన్న సూచన కూడా వద్దు. రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండికి భూమితో పనేముంది? గుంజిన కరెంటు తిరిగి వెళ్లేది బండి ఇనుము గుండానే కాబట్టి మెకానిక్‌లు అనే ‘బాడీ ఎర్త్’ సరిగ్గా ఉంది. పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా తోమి, బోల్టుతో బిగించాలని, ఆ వైరు కూడా పవర్ వైరంత లావే ఉండాలని పక్కనే చెప్పండి.

స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టే గెయిన్ నాబ్‌ను గెయిన్ అనే ఉంచండి, ‘సౌండు పెంచేది’ అంటే జనం చివరిదాకా తిప్పి స్పీకర్ కాల్చుకుంటారు.

ఒక్కచోట మాత్రం మార్చాలి, స్టీరియో నుంచి ఆంప్‌కు సిగ్నల్ తెచ్చే వైరు దగ్గర. "ఆర్‌సీఏ కేబుల్ పాటను గుంజుతుంది" అన్నారు, అక్కడ ‘తెస్తుంది’ చాలు, దాంట్లో వెళ్లేది సన్నటి సిగ్నలే. దాన్ని పవర్ వైరుకు దూరంగా, బండికి అవతలి పక్క నుంచి తీసుకురావాలి, లేకపోతే ఇంజన్ రేజ్ చేసినప్పుడల్లా స్పీకర్లో కూత రావచ్చు. దాన్ని కూడా ‘కూత’ అనే రాయండి అన్నా, ‘అవాంఛిత ధ్వని’ అనొద్దు.