'ఫ్యాన్ కట్టెయ్' తప్పు తెలుగేనా? అసలు 'కట్టు' ఒక మాటా, పది మాటలా?

ఓరుగల్లు_పోరగాడు:
మాది వరంగల్. కూకట్‌పల్లిలో ఒక రూములో ముగ్గురం ఉంటున్నాం. కొత్తగా చేరినవాడిది భీమవరం పక్కన పల్లె. మొదటి రాత్రి దుప్పటి కప్పుకుంటూ "చలేస్తోంది, ఫ్యాన్ కట్టెయ్ రా" అన్నాడు. నేను పైకి చూసి "ఊగుతోందా? తాడెక్కడుంది ఇప్పుడు?" అన్నా. వాడు నవ్వు ఆపడానికి పది నిమిషాలు పట్టింది. అప్పటి నుంచి గమనిస్తున్నా. టీవీ కట్టేస్తాడు, కుళాయి కట్టేస్తాడు, గీజర్ కూడా కట్టేస్తాడు. మా దిక్కు ఏ తికమకా లేకుండా "బంద్ చెయ్" అంటాం. కట్టడమంటే గేదెను గుంజకు కట్టడం. ఒకే మాటను దొరికిన ప్రతి పనికీ తగిలిస్తే ఇక దానికి అర్థమేం మిగులుతుంది? నా లెక్కలో ఇది తప్పు తెలుగే. కాదనేవాళ్ళు చెప్పండి.

ఆకివీడు_వాడు:
నెల మొదట్లో అద్దె కడుతున్నావు కదా తమ్ముడూ, ఏ తాడుతో? బండి ఈఎంఐ కడతావు, చీటీ కడతావు, మీ నాన్నగారు ఇల్లు కట్టారు. ఇన్నిటికి ఒప్పుకున్నవాడివి మా ఫ్యాన్ దగ్గరే ఆగిపోయావేం?

ఓరుగల్లు_పోరగాడు:
అవి తెలుగువాళ్ళందరూ అనేవి అన్నా. ఫ్యాన్ కట్టెయ్యడం మీ రెండు మూడు జిల్లాల సొంత వ్యవహారం.

నిఘంటు_పురుగు:
ఇల్లు కట్టడం దగ్గర మొదలుపెడదాం, దారి దొరుకుతుంది. వెదురు బొంగులు, తాటాకులు, నార తాళ్ళతో పాక వేసిన రోజుల్లో ఇంటిని నిజంగానే కట్టేవాళ్ళు, ముడులు వేసి. తర్వాత ఇటుక వచ్చింది, సిమెంటు వచ్చింది, మాట మాత్రం మారలేదు. తమిళంలో, కన్నడంలో కూడా ఇంటిని కడతారు. బరో, ఎమెనో 1961లో వేసిన ద్రావిడ భాషల నిఘంటువులో ముడి వేయడం, నిర్మించడం రెండూ ఒకే పదం కింద ఉన్నాయి. ఇవాళ్టికీ స్లాబు వేసే ముందు రోజు మీ వీధిలో పని చూడండి. ఇనప కడ్డీలు ఒక్కొక్కటీ కలిసేచోట కుర్రాళ్ళు వంగి కూర్చుని బైండింగ్ వైరుతో ముడి వేస్తుంటారు. అంటే కట్టడంలో కట్టడం ఇంకా పోలేదు.

బట్టలూ అంతే. చీర కట్టుకుంటాం, పంచె కట్టుకుంటాం, లుంగీ కట్టుకుంటాం, చొక్కా మాత్రం తొడుక్కుంటాం. కుట్టని గుడ్డకి ముడి కావాలి, కుట్టినదానికి అక్కర్లేదు. ఇప్పుడు జిప్పు పెట్టి కుట్టేసిన రెడీమేడ్ చీరలు వచ్చాయి. అయినా మా అమ్మాయి "అర నిమిషంలో చీర కట్టుకున్నా" అంటుంది. ముడి పోయినా మాట నిలిచింది.

ఇక డబ్బు. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టం. కూరలమ్మికి డబ్బులు 'ఇస్తాం', 'కట్టం'. జీతం 'ఇస్తారు', 'కట్టరు'. పన్ను, ఫీజు, అద్దె, వడ్డీ, జరిమానా, కరెంటు బిల్లు మాత్రం కడతాం. అంటే మన మెడకు చుట్టుకున్న బాకీలు అన్నమాట. మలయాళంలో ఎన్నికల డిపాజిట్టును 'కట్టిపెట్టిన కాసు' అనే అర్థం వచ్చేటట్టు అంటారు. ఇన్ని భాషల్లో ఉందంటే ఇది ఎవరో ఒకరి నోట పుట్టిన పొరపాటు కాదు.

ఎడిసన్_అమ్మ:
నిఘంటువు గారూ, మీరు చెప్తుంటే అన్నీ ఒక తాడు మీదికి వచ్చేస్తున్నాయి. కానీ మా ఇంట్లో ఎనిమిదేళ్ళవాడికి తెలుగు నేర్పేది నేను. వాడికి ఆ తాడు కనపడటం లేదు. "చొక్కా కట్టుకున్నా" అంటాడు. పోనీ దిద్దాను. మొన్న ఉప్మా కలుపుతూ "అయ్యో, ఉండలు కట్టేసింది" అన్నా. "ఎవరు కట్టారు?" అని అడిగాడు. ఏం చెప్పమంటారు? రవ్వను ఎవరూ కట్టలేదు, అదే కట్టింది. నెయ్యి గడ్డ కడుతుంది, జనం క్యూ కడతారు. ఇక్కడ తాడూ లేదు, కట్టేవాడూ లేడు.

ఇంకోటి. 'కళ్ళకు గంతలు కట్టారు' అంటే ఏమీ కనపడదు. 'కళ్ళకు కట్టినట్టు చెప్పారు' అంటే అంతా కనపడుతుంది. కళ్ళూ అవే, కట్టడమూ అదే!

నా పరీక్ష ఒకటి చెప్తాను. "అద్దే, ఫీజూ కట్టాను" అంటే బావుంది. "ఇల్లూ, గుడీ కట్టాడు", అదీ బావుంది. "ఫీజూ, గేదెనీ కట్టి వచ్చాను" అనండి చూద్దాం. నవ్వొస్తుంది. ఒకే మాటైతే ఆ నవ్వు ఎందుకు రావాలి? పుట్టుక ఒకటే కావచ్చు, మన బుర్రలో మాత్రం ఇవి ఎప్పుడో వేరు కాపురాలు పెట్టేశాయి. నేను వాడికి పది మాటలుగానే నేర్పుతున్నా.

మైలాపూర్_తెలుగు:
ఫ్యాన్ సంగతికి ఒక ఆధారం. ఇక్కడ చెన్నైలో తమిళులు 'కడైయై కట్టు' అంటారు, అంటే కొట్టు కట్టెయ్, దుకాణం మూసెయ్ అని. పని ముగించి బయల్దేరు అనడానికి కూడా అదే మాట. గోదావరి వైపు వినే 'కొట్టు కట్టేశాడు' కూడా ఇదే కదా. నేననుకునేది ఇది: సంతలో వ్యాపారి పొద్దు గుంకగానే సరుకంతా దుప్పట్లో వేసి నాలుగు మూలలూ ముడి వేస్తాడు. మూట కట్టాడంటే వ్యాపారం ఆగినట్టే. అక్కణ్నుంచి కొట్టుకి, కొట్టు నుంచి కుళాయికి, ఫ్యాన్‌కి పాకి ఉంటుంది. కాకపోతే చిక్కు లేకపోలేదు. "మా తాత సెంటర్లో కొట్టు కట్టేశాడు" అంటే కట్టడం పూర్తి చేశాడనా, మూసేశాడనా? మా ఇంట్లో రెండూ జరిగాయి లెండి, పదేళ్ళ తేడాతో.

చాయ్_బిస్కట్_హైద్రాబాద్:
ఓరుగల్లు తమ్మీ, కూర్చొని విను. నువ్వు శుభ్రమైన మాట అంటున్న 'బంద్' ఫార్సీ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం ఏంటో తెలుసా? కట్టు! కట్టబడినది! సంస్కృతంలో బంధం దానికి చుట్టమే. పోలీసు బందోబస్తు ఉంది చూడు, అది 'బంద్ ఓ బస్త్', కట్టడం బిగించడం. బందీ అంటే కట్టేసినవాడు. అంటే ఆకివీడు అన్న 'ఫ్యాన్ కట్టెయ్' అన్నా, నువ్వు 'ఫ్యాన్ బంద్ చెయ్' అన్నా తాడు ఒకటే, దుకాణం వేరు.

ఇంకా ఉంది. రోజూ ట్యాంక్‌బండ్ మీద బండి నడుపుతున్నావు కదా, ఆ 'బండ్' కూడా ఆ బంద్ నుంచే ఇంగ్లీషులోకి పోయింది. దాన్ని తెలుగులో ఏమంటారు? చెరువు కట్ట. కట్ట కింద ఉన్న తల్లి కట్టమైసమ్మ. పదహారో శతాబ్దం నుంచి ఆ నీళ్ళకు రెండు భాషలు కలిసి ముడి వేసినయ్. ఇంగ్లీషువాళ్ళు దీంతో ఆగలేదు, తమిళం నుంచి అణైకట్టును 'ఆనికట్' అని, కట్టుమరాన్ని, అంటే దుంగలు కలిపి కట్టిన పడవని, 'కాటమరాన్' అని పట్టుకుపోయారు. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852 నాటికి కట్టింది ఆ ఆనికట్టే.

ఓరుగల్లు_పోరగాడు:
బంద్ గురించి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. మా వాడికి చదివి వినిపిస్తే ఇంకో పది నిమిషాలు నవ్వాడు. కానీ నా వాదన పూర్తిగా పోలేదన్నా. మన నోట్లో 'బంద్' తాడు సంగతి ఎప్పుడో మర్చిపోయింది. దాంతో ఎవడూ గేదెను కట్టడు, అందుకే తికమక రాదు. 'కట్టు' మాత్రం ఇంకా గేదెనూ కడుతోంది, ఫ్యాన్‌నూ కడుతోంది. విన్నవాడు పైకి చూడక ఏం చేస్తాడు?

ఎడిసన్_అమ్మ:
ఇదే నేనూ అనేది!

నిఘంటు_పురుగు:
తికమక నీకు ఒక్క రాత్రి వచ్చింది బాబూ, రెండో రాత్రి వచ్చిందా? పక్కన ఏ మాట ఉందో చూసి చెవి సర్దుకుంటుంది. అమ్మగారి గేదె, ఫీజు పరీక్ష బావుంది గానీ, నవ్వు రావాలంటే రెంటిలోనూ ఒకటే మాట ఉందని బుర్రకి ఎక్కడో తెలియాలి కదా. ఉప్మా ఉండల దగ్గర మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు.

కదిరి_రైతుబిడ్డ:
వేరుశనగకి నీళ్ళు కట్టి ఇప్పుడే ఇంటికొచ్చినా. మీరు ఇంతసేపూ ఫ్యాన్ దగ్గరే ఉన్నారు. చేనుకు నీళ్ళు కట్టడం అంటే నీళ్ళు పారించడం. కుళాయి కట్టెయ్యడం అంటే నీళ్ళు ఆపడం. పూర్తిగా ఎదురు కదా? కానీ మడి గట్టు మీద నిలబడితే ఎదురు కాదు. బోరు నీళ్ళు కాలవలో వస్తుంటాయి. ఈ మడి నిండిందనగానే రెండు పారల మట్టి తీసి మడవలో, అంటే మడిలోకి నీళ్ళొచ్చే గండిలో వేసి, కాలితో తొక్కి కట్టేస్తా. పక్క మడి మడవ తెంచుతా. ఇక్కడ కట్టకపోతే అక్కడ పారవు. రాత్రి పూట టార్చి నోట్లో పెట్టుకుని ఇదే పని. తొక్కడం సరిగా లేకపోతే మట్టి జారి తెల్లారేసరికి నిండిన మడే మళ్ళీ నిండి, చివరి మడి ఎండి ఉంటుంది. కాబట్టి ఆపడం, పారించడం మాకు ఒకటే పని, ఒకటే మాట.

ఓరుగల్లు_పోరగాడు:
అన్నా, ఇది సూపర్. మరి నీళ్ళు అయిపోయాక 'మోటరు కట్టేస్తా' అంటారా మీ దగ్గర?

కదిరి_రైతుబిడ్డ:
లేదు, మోటరు ఆపుతాం. కట్టేది నీళ్ళనే. ఇదిగో కరెంటు మళ్ళీ వచ్చినట్టుంది, బోరు శబ్దం వినపడుతోంది. రెండు మళ్ళు మిగిలినాయి, కట్టి వస్తా.