మార్బుర్గ్‌లో ఒక్క సెమిస్టర్: శని ఆదివారాలు రైల్లోనా, ఊళ్లోనా?

కొత్తబ్యాగు:
అన్నలూ, అక్కలూ, వింటర్ సెమిస్టర్‌కి జర్మనీలోని మార్బుర్గ్ యూనివర్సిటీలో ఎక్స్ఛేంజ్ ఖాయమైంది. సెమిస్టర్ ఫీజులోనే డాయిచ్‌లాండ్ సెమెస్టర్‌టికెట్ ఉంది, దేశమంతా లోకల్ రైళ్లలో తిరగొచ్చు. ఇక్కడ రెండు పార్టీలు కనిపిస్తున్నాయి. ఒకరు "వారానికో ఊరు చూసెయ్" అంటారు, ఇంకొకరు "వారాంతం ఊళ్లో లేనివాడికి ఊళ్లో ఎవరూ మిగలరు" అంటారు. ఎవరిది న్యాయం? లెక్కలతో చెప్పండి, "ఎంజాయ్ చెయ్ బ్రో" వద్దు.

ప్లాట్‌ఫారం4:
రైలెక్కు. ఆ టికెట్ ధర మామూలు డాయిచ్‌లాండ్ టికెట్ (అందరికీ అమ్మే లోకల్ రైళ్ల నెల పాస్) ధరలో 60 శాతం. అది ఫీజుతో పాటే అందరి దగ్గరా వసూలు చేస్తారు, మాకొద్దంటే కుదరదు. డబ్బు ఎలాగూ కట్టేశావు.

మార్బుర్గ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఆర్‌ఈ అనే లోకల్ రైల్లో గంట, అటు కాసెల్‌కీ ఇంచుమించు అంతే. గీసెన్ పావుగంట, ఇరవై నిమిషాలు. అక్కడ 2002లో తెరిచిన మాథెమాటికుం ఉంది, చేత్తో ముట్టుకుని ఆడుకునే గణిత మ్యూజియం, వానరోజుకి అంతకంటే మంచి చోటు లేదు. గీసెన్‌లో మారితే వెట్స్‌లార్, లైకా కెమెరాల ఊరు. ఇవన్నీ పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరాలే.

జాగ్రత్తపడాల్సినవి నాలుగున్నాయి.

ఒకటి, ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు రైళ్లలో ఈ టికెట్ చెల్లదు. మార్బుర్గ్‌లో అవి కూడా అదే స్టేషన్‌లో ఆగుతాయి, బోర్డు మీద రైలు నంబరు ముందున్న అక్షరాలు చూడకుండా ఎక్కొద్దు.

రెండోది కొత్తవాళ్లందరికీ తగిలే దెబ్బ. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తిరిగొచ్చే మిట్టెల్‌హెస్సెన్ ఎక్స్‌ప్రెస్ గీసెన్‌లో రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క ఆర్‌బీ 41గా మార్బుర్గ్ మీదుగా ట్రైజా పోతుంది, ఇంకోటి ఆర్‌బీ 40గా డిల్లెన్‌బుర్గ్ దారి పడుతుంది. ఏ పెట్టెలో కూర్చున్నావో తలుపు పక్క తెర మీద రాసి ఉంటుంది. నిద్రపోతే డిల్లెన్‌బుర్గ్‌లో మెలకువొస్తుంది, అంతే.

మూడు, రైలు ఆలస్యమైతే ఐసీఈ ఎక్కి తర్వాత డబ్బు వాపసు అడిగే వెసులుబాటు మామూలు టికెట్లకుంది. డాయిచ్‌లాండ్ టికెట్ రకాలకి లేదు. ఆఖరి రైలుకి ముందు రైలు పట్టుకోవడమే దీనికి మందు.

నాలుగు, టికెట్ ఫోన్లోనే ఉంటుంది. బ్యాటరీ అయిపోతే చెకింగ్ వాళ్లు 60 యూరోల జరిమానా రాస్తారు. పేరు మీద ఉన్న టికెట్ కాబట్టి గడువులోగా చూపిస్తే 7 యూరోలతో పోతుంది. పవర్‌బ్యాంక్ దానికంటే చవక.

లాన్‌గట్టు:
పైన చెప్పినవన్నీ నిజాలే, వాటి నుంచి తేల్చిన మాటే తప్పు. డబ్బు కట్టాం కాబట్టి తిరగాలి అంటే, బఫేలో డబ్బు కట్టాం కాబట్టి కడుపునొప్పి వచ్చేదాకా తినాలన్నట్టుంది.

అక్టోబర్ మధ్యలో క్లాసులు మొదలవుతాయి. జట్లు కుదిరేదీ, పరిచయాలు గట్టిపడేదీ మొదటి మూడు నాలుగు వారాల్లోనే. యూనివర్సిటీ స్పోర్ట్స్ కోర్సులు ఆన్‌లైన్‌లో ఫలానా రోజు ఫలానా గంటకి తెరుచుకుంటాయి. బ్యాడ్మింటన్, క్లైంబింగ్ లాంటివి నిమిషాల్లో నిండిపోతాయి. ఆ రోజు లాగిన్ చేసి, బ్యాంకు ఐబాన్ నంబరు పక్కన పెట్టుకుని కూర్చోవాలి. ఐబాన్ వెతుక్కునేలోపు సీటు పోతుంది. ఇంకో సంగతి: హాల్లోకి బయట తిరిగిన బూట్లతో రానివ్వరు, నేల మీద గీతలు పడని సోల్ ఉన్న ఇండోర్ బూట్లు వేరే కావాలి.

అవన్నీ సోమ–గురువారాల్లోనే కదా, శనివారంతో పనేంటి అంటారా? యూనివర్సిటీ గాయక బృందం, ఆర్కెస్ట్రా వారానికొక సాయంత్రం సాధన చేస్తాయి. కచేరీకి ముందు మాత్రం ఒక వారాంతమంతా రిహార్సల్ పెడతారు. అది తప్పిస్తే కచేరీలో నిలబెట్టరు. టేబుల్ టెన్నిస్, హ్యాండ్‌బాల్ క్లబ్బుల మ్యాచ్‌లు వారాంతాల్లోనే. కొండలెక్కేవాళ్ల సంఘం నడకలు ఆదివారమే. మంగళవారం ప్రాక్టీసుకొచ్చి శనివారం మ్యాచ్‌కి రానివాడు ఎప్పటికీ అతిథే.

ప్లాట్‌ఫారం4:
@లాన్‌గట్టు ఆ శనివారం ఊళ్లో ఎవరుంటారో కూడా చెప్పండి. జర్మన్ విద్యార్థుల్లో బోలెడుమంది శుక్రవారం మధ్యాహ్నమే బట్టల సంచీ తగిలించుకుని అమ్మగారింటికి పోతారు. హాస్టల్ కారిడార్‌లో మిగిలేది మన ఎక్స్ఛేంజ్ వాళ్లే. ఆదివారం కొట్లు మూత. వాళ్లతో కలిసి వెట్స్‌లార్ పోవడం కంటే గదిలో కూర్చోవడం ఏ విధంగా మేలు?

పోపుడబ్బా:
గదిలో కాదండీ, వంటింట్లో. కారిడార్‌లో ఆదివారం జనం కలిసేది అక్కడే. కొట్లు మూసేస్తారు కాబట్టే అందరూ ఆ రోజు వండుకుంటారు. శనివారం సాయంత్రానికే పాలు, పెరుగు, కూరగాయలు తెచ్చేసుకోవాలి. మర్చిపోతే మిగిలేది బేకరీ, స్టేషన్ కొట్టు, పెట్రోల్ బంకు. వాటిలో ధరలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం చేయకూడని పనులూ ఉన్నాయి. డ్రిల్లింగ్, వ్యాక్యూమ్ మోత వద్దు. గాజు సీసాలు డబ్బాలో పడేయడం కూడా వద్దు, ఆ చప్పుడుకి పక్కింటాయన కిటికీ తెరుస్తాడు. రాత్రి 10 తర్వాత ఏ రోజైనా నిశ్శబ్దం. కొన్నప్పుడు డిపాజిట్ కట్టి, తిరిగిస్తే అది వాపసొచ్చే సీసాల్ని ఆ డబ్బాలో వేయొద్దు, సూపర్‌మార్కెట్ మెషీన్‌లో పెట్టండి: మామూలు బీరు సీసాకి 8 సెంట్లు, ఒకసారి వాడి పడేసే ప్లాస్టిక్ సీసాకీ క్యానుకీ 25 సెంట్లు.

పదిమందికీ వండిపెట్టాలనుకునే మనవాళ్లకి ఒక్క మాట. పోపు పొగకి స్మోక్ అలారం మోగుతుంది. ఎండుమిర్చి మాడకుండా చిన్న మంట మీద, కిటికీ తెరిచి, కారిడార్ వైపు తలుపు మూసి పెట్టండి. మన అలవాటు ప్రకారం తలుపు తెరిస్తే పొగ కారిడార్ అలారానికి చేరుతుంది. అది నేరుగా ఫైర్ సర్వీసుకి కలిపి ఉన్న భవనమైతే, ఊరికే వచ్చి వెళ్లిన ఖర్చు మీ మీద వేయొచ్చు. వెల్లుల్లి కారం దోసెలకి ఒకసారి పిలిచి చూడండి, ప్లాట్‌ఫారం4 గారు చెప్పిన "ఎవరూ లేని" కారిడార్ నుంచి ఎంతమంది వస్తారో.

పంచాంగం:
మీరంతా "ఎక్కడ" అని కొట్టుకుంటున్నారు, అసలు ప్రశ్న "ఎప్పుడు". టికెట్ అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా. క్లాసులు అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, నడుమ క్రిస్మస్‌కి రెండు వారాలు సెలవు. అంటే క్లాసులయ్యాక ఇంకా ఆరు వారాలు టికెట్ చేతిలో ఉంటుంది. అక్టోబర్, నవంబర్ వారాంతాలు ఊరికి ఇచ్చేసి, ఊళ్లు తిరగడం ఆ ఆరు వారాలకి పెట్టుకుంటే రెండూ కుదురుతాయి.

డిసెంబర్‌లో తిరగాలనుకునేవాళ్లు వెలుతురు లెక్క చూసుకోండి. పొద్దు పొడిచేది 8 దాటాక, కుంకేది సాయంత్రం 4:20 ప్రాంతంలో. పొద్దున పదింటికి లేచి బయల్దేరితే కోట చూసేసరికి చీకటి. క్రిస్మస్ సంతలు చీకట్లోనే బావుంటాయి, కోటలూ అడవులూ కాదు.

అలాగే కాసెల్ కొండ పార్కులో హెర్క్యులిస్ విగ్రహం కింద నుంచి మెట్ల మీదుగా దూకే నీళ్లాట. అది మే 1 నుంచి అక్టోబర్ 3 దాకా, బుధ, ఆదివారాలు, సెలవుల్లో మాత్రమే, మధ్యాహ్నం 2:30కి మొదలవుతుంది. యునెస్కో వాళ్లు 2013లో గుర్తించిన చోటు. వింటర్ సెమిస్టర్ వాళ్లు జనవరిలో వెళ్తే కనపడేది ఎండిన మెట్లు. చూడాలంటే క్లాసులు మొదలవకముందే, అక్టోబర్ మొదటి మూడు రోజుల్లో కుదిరితే వెళ్లాలి.

మెట్లలెక్క:
@పంచాంగం లెక్క కాగితం మీద బావుంది. మన కాలేజీలవాళ్లకి పనిచేయదు. మనకి ఈవెన్ సెమిస్టర్ జనవరిలో మొదలవుతుంది, అక్కడ పరీక్షలు ఫిబ్రవరిలో. చాలామంది పరీక్ష రాసిన మర్నాడే విమానం ఎక్కాల్సిందే. మీ ఆరు వారాలు వాళ్లకి సున్నా. ఉండగలిగినవాళ్లకి కూడా టర్మ్ పేపర్లు మార్చి ఆఖరు దాకా మెడ మీద ఉంటాయి. హాస్టల్ ఒప్పందం ఏ తేదీకి ముగుస్తుందో చూడకుండా మార్చి ప్లాన్లు వేయొద్దు, ఫిబ్రవరి 28కే గది ఖాళీ చేయమనే ఒప్పందాలున్నాయి.

పంచాంగం:
ఒప్పుకుంటున్నా. భారత్ నుంచి వచ్చినవాళ్లకి ఆరు వారాలు తీసేయండి. అప్పుడు క్రిస్మస్ రెండు వారాలే ప్రయాణాలకి. కారిడార్ కూడా అప్పుడే నిజంగా ఖాళీ అవుతుంది.

గంటసైకిలు:
ఇద్దరూ మర్చిపోయిన మూడో దారి: సగం ఊరు, సగం రైలు. లాన్ నది వెంట సైకిల్ బాట మార్బుర్గ్ నుంచి గీసెన్ దాకా దిగువకి చదునుగా పోతుంది, 40 కిలోమీటర్లకి అటూ ఇటూగా. వెళ్లేటప్పుడు తొక్కు, వచ్చేటప్పుడు రైలెక్కించు. మార్బుర్గ్ వైపు ఆర్‌ఎంవీ (ఆ ప్రాంతపు రవాణా సంస్థ) రైళ్లలో సైకిల్‌కి టికెట్ అక్కర్లేదు, చోటుంటే చాలు. ఎండ కాసిన ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆ చోటే ఉండదు, సైకిల్ పెట్టెలో బేబీ బండ్లకి, వీల్‌చెయిర్‌కి ముందు దారివ్వాలి.

పాత సైకిల్ కొనేముందు రెండు బ్రేకులు వేటికవే పనిచేస్తున్నాయా, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, గంట ఉన్నాయా చూసుకోండి. చీకట్లో లైటు లేకుండా దొరికితే 20 యూరోలు, తొక్కుతూ ఫోన్ పట్టుకుంటే 55. గేర్లు లేనిది కొనొద్దు. నది పక్కన ఊరు చదును, పాత ఊరు ఓబెర్‌స్టాట్ రాళ్లు పరిచిన నిట్టనిలువు, సైన్స్ క్యాంపస్ లాన్‌బెర్గె కొండ మీద. పాత ఊళ్లోకి పిల్‌గ్రిమ్‌స్టైన్ వీధి నుంచి ఉచిత లిఫ్ట్ ఉంది. సైకిల్ కింద తాళం వేసి లిఫ్ట్‌లో పోవడం తెలివైన పని.

మెట్లలెక్క:
లాన్‌గట్టు గారు క్లబ్బులు అన్నారు, దాని వెనకున్న కాగితం చెప్పలేదు. అక్కడ క్లబ్బంటే ఫెరైన్, రిజిస్టర్ అయిన సంఘం. బయటికి రావడానికి నోటీసు గడువు రెండేళ్ల దాకా నియమావళిలో పెట్టుకోవచ్చని వాళ్ల సివిల్ కోడ్ 39వ సెక్షన్ ఒప్పుకుంటుంది. మామూలుగా ఏడాది ఆఖరుకో, ఆరు నెలలకోసారో అవకాశమిస్తారు, దానికి కొన్ని వారాల ముందే లెటరు అందాలి. అక్టోబర్‌లో చేరి నవంబర్ గడువు దాటించినవాడు, వచ్చే ఏడాదంతా హైదరాబాద్‌లో కూర్చుని మార్బుర్గ్ టేబుల్ టెన్నిస్‌కి చందా కట్టాలి. బ్యాంకు ఖాతా మూసేస్తే బాకీ పోదు, పైగా డెబిట్ తిరిగొచ్చిన ఛార్జీ కూడా తోడవుతుంది.

జిమ్‌లు వేరు. 2022 మార్చి 1 తర్వాత రాసుకున్న ఒప్పందాల్లో మొదటి గడువు అయ్యాక ఎప్పుడైనా నెల నోటీసుతో తప్పుకోవచ్చు. కానీ ఆ మొదటి గడువే ఏడాదో, రెండేళ్లో ఉంటుంది. ఊరు మారుతున్నానన్న కారణం సాధారణంగా చెల్లదు. ఒక్క సెమిస్టర్ వాళ్లకి యూనివర్సిటీ స్పోర్ట్సే నయం, అది కోర్సుతో పాటే ముగుస్తుంది.

లాన్‌గట్టు:
ఇది చెప్పకపోవడం నా పొరపాటే. ఫెరైన్ వద్దని మాత్రం అనను, సంతకం పెట్టే ముందు అడగాలి.

కొత్తబ్యాగు:
అడగడమంటే ఏమని? టేబుల్ టెన్నిస్ కోసమే అడుగుతున్నా. అక్టోబర్ మొదటి మూడు వారాంతాలు ఊళ్లోనే ఉంటా, అది తేలిపోయింది.

లాన్‌గట్టు:
మొదటి రెండు మూడు సార్లు ష్నుప్పర్‌ట్రైనింగ్ అంటారు, రుచి చూసే ప్రాక్టీసు. దానికి చాలా చోట్ల డబ్బుండదు, సంతకమూ ఉండదు. నచ్చితే మూడు అడుగు: తక్కువ కాలం సభ్యత్వం ఉందా, పదిసార్ల కార్డు అమ్ముతారా, లేకపోతే చేరిన రోజునే ఫిబ్రవరి తేదీతో రాజీనామా లెటరు కూడా తీసుకుంటారా. మూడోదానికి వాళ్లు ఒప్పుకున్నా జవాబు మెయిల్‌లో రాయించుకో. ఇవన్నీ అడిగే ముందు, మొదటి సాయంత్రమే ట్రైనర్‌కి ఈ ఒక్క వాక్యం చెప్పు: "ఇష్ బిన్ నూర్ బిస్ ఫెబ్రువార్ హియర్." ఫిబ్రవరి దాకే ఉంటానని. మ్యాచ్ జట్టులో రాయాలా, ప్రాక్టీసుకే రమ్మనాలా అన్నది ఆయన అప్పుడే చెప్పేస్తాడు. మ్యాచ్ జట్టులో రాస్తే శనివారాల సంగతి ఇక నువ్వు అడగక్కర్లేదు.